ఆదివారం పావురాలకా, పనికా?

ప్రశ్న: మేం చెన్నై కొరుక్కుపేటలో ఉంటాం. తాతగారి కాలంలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నాకు 41 ఏళ్ళు. ఇళ్ళ వైరింగ్ పని చేస్తాను. వారానికి ఆరు రోజులు పొద్దున వెళ్తే మళ్ళీ రాత్రికే ఇల్లు. అద్దె ఇల్లే అయినా ఓనరు ఒప్పుకోవడంతో పదేళ్ళుగా మేడ మీద రేసు పావురాలు పెంచుతున్నాను. ఇప్పుడు నలభై ఉన్నాయి. దాణాకి, మందులకి కలిపి నెలకు మూడు వేల దాకా అవుతుంది. ఆదివారమంతా మేడ మీదే గడిచిపోతుంది. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. "పిట్టలకి మూడు వేలా?" అని ఇంట్లో ఒకటే గొడవ. ఆదివారం కూడా పనికి వెళ్తే పదిహేను వందలు వస్తాయి కదా అంటాడు బావమరిది. అదీ కాకపోతే పావురాల పిల్లల్ని అమ్మి వ్యాపారమైనా చెయ్యమంటాడు. నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న సరదా ఇదొక్కటే. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి కూడా ఈ పిచ్చి అంటుకుంది. ఈమధ్య నాకు రాత్రిళ్ళు పొడి దగ్గు వస్తోంది. పావురాల వల్లే అని ఆవిడ, పని దుమ్ము అని నేను. అన్నీ అమ్మేసి ఊరుకోమంటారా?
ఒక ఎలక్ట్రీషియన్, చెన్నై

సమాధానం: అమ్మొద్దు. కానీ నలభై అక్కర్లేదు, ఆదివారమంతా మేడ మీద ఉండక్కర్లేదు. దగ్గు సంగతి మాత్రం ఈ వారంలోనే డాక్టరుకి చూపించుకోవాలి. దాన్నిబట్టి నేను చెప్పేదంతా మారిపోవచ్చు కూడా. అది చివర్లో వివరంగా రాస్తాను.

ముందు ఒక మాట. "నాకు తాగుడు లేదు, పేకాట లేదు" అని రాశారు. ఇంట్లో కూడా ఇదే వాదన పెడుతున్నారేమో. పెట్టకండి. మీరు తాగకపోవడం ఆవిడకి చేస్తున్న ఉపకారమేమీ కాదు. పైగా ఆ మాటతో మీ సరదా విలువ మీరే తగ్గించుకుంటున్నారు. ఇదీ ఒక వ్యసనమే, కాకపోతే మిగతావాటికంటే చవక అన్నట్టు వినిపిస్తుంది. పావురాలు పెంచుకోవడానికి అంత సంజాయిషీ ఎందుకు?

మీ పేటలోనే చేతిపని చేసుకునేవాళ్ళ ఆదివారాలు ఎలా ఉంటాయో చూడండి. ఉత్తర చెన్నైలో క్యారమ్ క్లబ్బు దొరకని పేట అరుదు. బోర్డు మీదికి దింపిన ఒక లైటు, బోరిక్ పౌడరు, చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ జనం. వారమంతా 50 కిలోల సిమెంటు బస్తాలు మోసిన తాపీమేస్త్రి అక్కడ 15 గ్రాములకు మించని స్ట్రైకర్‌ని చూపుడు వేలితో మీటుతుంటాడు. సిమెంటుకి పగిలిన ఆ వేలికి అంత నాజూకు ఎక్కడిదో అనిపిస్తుంది. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో పుట్టింది ఈ ఊళ్ళోనే. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మరియా ఇరుదయం ఇక్కడివాడే. 2024లో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్పులో మూడు బంగారు పతకాలు గెలిచిన కాసిమా కూడా మీ వైపు అమ్మాయే, ఆటో డ్రైవరు కూతురు. అయితే క్లబ్బుకి వచ్చే మేస్త్రి పతకం కోసం రాడు. ఎర్ర కాయిన్ వేసి, దాని వెంటే ఇంకొకటి వేసి, ఎదుటివాడి మొహం చూడటానికి వస్తాడు.

కొళత్తూరు వైపు వెళ్తే రంగుచేపల దుకాణాలు వరసగా ఉంటాయి. నాకు తెలిసిన ఏసీ మెకానిక్ ఒకాయన ఫైటర్ చేపలు పెంచుతాడు. ఒక్కో మగచేప ఒక్కో సీసాలో. ఒకదాన్నొకటి చూస్తే రెక్కలు విప్పుకొని అద్దానికేసి పొడుచుకుంటాయి, అందుకని సీసాల మధ్య అట్టముక్కలు పెడతాడు. రాత్రి అన్నం తిన్నాక ఒక్కో అట్ట తీసి రెండు నిమిషాలు చూసి మళ్ళీ పెట్టేస్తాడు. ఆయన రోజుకి అదే వినోదం. ఇంకొక వడ్రంగి ధనుర్మాసం వచ్చిందంటే తెల్లవారుజామున భజన బృందంలో తబలా ముందు కూర్చుంటాడు. ఇంట్లో బీరువా తలుపు మాత్రం ఆరు నెలలుగా ఊడి వేలాడుతోందని వాళ్ళావిడ ఫిర్యాదు. (మీ ఇంట్లో ఎన్ని స్విచ్చులు పనిచేయడం లేదో నేను అడగను.)

వీళ్ళలో ఎవరూ సెలవు రోజున తమ పనిముట్లు ముట్టుకోరు. బద్ధకం అనుకోవద్దు. వైరింగులో మీ పనంతా కచ్చితం. స్విచ్ వేస్తే లైటు వెలగాలి, వెలగకపోతే తప్పు మీది, మళ్ళీ వెళ్ళి చూడాలి, డబ్బులు ఆపేస్తారు. పావురం దగ్గర ఆ లెక్క లేదు. మంచి దాణా పెట్టి, నెలల తరబడి తర్ఫీదు ఇచ్చి, రేసు రోజున విజయవాడలో వదిలితే తిరిగి మీ మేడకి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. దాన్ని ఎవరూ బిల్లులో రాయరు, ఎవరూ ఫోన్ చేసి అడగరు. వారానికి ఆరు రోజులు అందరికీ జవాబు చెప్పే మనిషికి జవాబు చెప్పక్కర్లేని పని ఒకటి ఉండాలి. అందుకే అమ్మొద్దంటున్నాను.

వాషర్‌మెన్‌పేటలో ఒక మేడ మీద రేసు పావురం దిగడం చూశాను. ఐదారుగురు మగాళ్ళు మాటా పలుకూ లేకుండా ఉత్తరం వైపు చూస్తున్నారు. టీ గ్లాసులు చేతిలోనే చల్లారిపోయాయి. ఉన్నట్టుండి ఒకాయన "అదిగో" అన్నాడు. నాకేమీ కనిపించలేదు. కాసేపటికి వాటర్ ట్యాంకు మీదుగా రెక్కలు ముడుచుకొని ఒక చుక్క కిందికి జారింది. వచ్చి గూటి ముందు పలక మీద వాలింది. అంత దూరం ఎగిరొచ్చిన పక్షి లోపలికి వెళ్ళదే! అక్కడే నిలబడి తీరిగ్గా ఈకలు సవరించుకుంటోంది. అది గూట్లోకి దూరితేగాని టైము పడదు. అంత లావు మనిషి, గొంతు తగ్గించి "దా తల్లీ, దా" అని బతిమాలుతూ గింజల డబ్బా గలగలలాడించాడు. అది అటు చూసింది, ఇటు చూసింది, అప్పుడు వెళ్ళింది. కాలికి ఉన్న చిప్పుతో టైము పడగానే మేడంతా ఒకటే అరుపు. ఆ ముఖాల్లో ఉన్న సంతోషం పదిహేను వందల కూలికి వస్తుందా అని మీ బావమరిదిని ఒకసారి మేడెక్కించి చూపించండి.

ఈ పక్షికి దారి ఎలా తెలుస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. సూర్యుడి స్థానం, భూమి అయస్కాంత శక్తి, వాసనలు, ఇలా అన్నిటి పేర్లూ చెబుతారు. మీ వృత్తికి దగ్గరి సంగతి ఒకటుంది. 1946లో ఒడిశా పోలీసులు మన సరిహద్దు పక్కనే ఉన్న కోరాపుట్‌లో పావురాల తపాలా మొదలుపెట్టారు. 1999 సూపర్ సైక్లోన్‌కి తీరమంతా కరెంటు, ఫోన్లు పోయినప్పుడు ఆ పావురాలే కబుర్లు మోశాయి. వైర్లు తెగిన చోట మీ పిట్టలే గతి అన్నమాట.

ఇక బావమరిది సలహాలు. ఆదివారం కూడా పనికి వెళ్ళమనేది మొదటిది. ఆయన లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఆదివారం డ్రిల్లింగ్ చెయ్యనివ్వరు, అది వేరే సంగతి. అసలు సంగతి మీది నిచ్చెన మీద, కరెంటుతో చేసే పని. ఏడో రోజు కూడా పనిచేసి అలసిన మనిషి ఎంసీబీ (కరెంటు ఆపే మెయిన్ స్విచ్) దించానా లేదా అన్నది ఒక్కసారి మరిచిపోతే చాలు. పిల్లాడి ఫీజు, ఇంట్లో పెళ్ళి లాంటి అవసరం ఉన్న నెలలో రెండు ఆదివారాలు వెళ్ళండి, ఎవరూ కాదనరు. అలవాటు మాత్రం చెయ్యకండి.

రెండోది వ్యాపారం. నేను గట్టిగా వద్దనేది దీన్నే. అమ్మకం మొదలయ్యాక ఏ జత ఎక్కువ పిల్లల్ని పెడుతుంది, ఏ రంగుకి ధర పలుకుతుంది అన్న చూపుతోనే మేడెక్కుతారు. కొన్నవాడు "మీ పావురం జబ్బుపడింది, డబ్బులు వెనక్కివ్వండి" అని ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాడు. సోమవారం మొదలయ్యే బాధ ఒకరోజు ముందే మొదలవుతుంది. ఉన్నవాటిని తగ్గించుకోవడానికి అమ్మడం వేరు, అమ్మడానికే పెంచడం వేరు.

తగ్గించాలి మరి. ఒక పావురం రోజుకి 30 నుంచి 35 గ్రాముల గింజలు తింటుంది. నలభై పావురాలంటే నెలకు దాదాపు 40 కిలోలు. ఆ నలభైలో నిజంగా రేసుకి పంపేవి ఎన్ని? పది, పన్నెండు ఉంటాయేమో. మిగతావాటిలో ముసలివి కొన్ని, రెక్క దెబ్బతిన్నవి కొన్ని, అలా పుట్టుకొచ్చినవి కొన్ని. జతగా వదిలేస్తే ఆగేవి కావు. రెండు గుడ్లు, 17, 18 రోజుల పొదుగుడు. ఆ పిల్లలు ఇంకా గూడు దాటకముందే మళ్ళీ గుడ్లు. పాత పెంపకందారులు చేసేది మీకూ తెలిసే ఉంటుంది: అసలు గుడ్లు తీసేసి చెక్క గుడ్లో, ప్లాస్టిక్ గుడ్లో పెడతారు. ఆ జత కొన్నాళ్ళు వాటినే పొదిగి, విసుగొచ్చి లేస్తుంది. సీజను కానప్పుడు మగవాటిని, ఆడవాటిని వేరే అరల్లో ఉంచండి. మంచి జతలు నాలుగు, రేసువి పది, మొత్తం పద్దెనిమిది ఇరవైకి తెండి. నెల ఖర్చు సగానికి దిగుతుంది. ఆ మిగిలిన పదిహేను వందలు మొదటి తారీఖునే మీ ఆవిడ చేతికివ్వండి. మీ జేబులోంచి ఇంటి ఖర్చులకి వాడితే ఆవిడకి కనిపించదు.

ఆవిడ గురించి ఇంకొంచెం. మీ ఉత్తరంలో ఆవిడ జాకెట్లు కుడుతుందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోయారు. ఆదివారం ఆవిడ ఏం చేస్తుందో ఎక్కడా లేదు. ఆవిడదీ చేతిపనే కదా! వారమంతా మెడ వంచి మిషన్ తొక్కుతుంది. పండగ ముందు రాత్రిళ్ళు కూడా తొక్కుతుంది. ఆదివారం మీరు మేడెక్కితే ఆవిడ వంటింట్లోకి వెళ్తుంది, మధ్యాహ్నం మళ్ళీ మిషన్ దగ్గరికి. మూడు వేల మీద ఉన్న కోపంలో సగం ఈ ఆదివారం మీద ఉందని నా అనుమానం. పొద్దున పదకొండింటి దాకా మేడ మీద ఉండండి. తర్వాత దిగి వంట మీరు చెయ్యండి, లేదా బయటి నుంచి తెండి. మధ్యాహ్నం నుంచి ఆవిడ ఇష్టం. సినిమాకి పోతుందో, చెల్లెలింటికి పోతుందో, ఒంటరిగా పడుకుంటుందో మీరు నిర్ణయించకండి. "నీకూ ఏదైనా హాబీ ఉండాలి" అని పాఠం మాత్రం చెప్పకండి, నా మాట వినండి. రేసు ఉన్న ఆదివారాలు ఏవో సీజను మొదట్లోనే క్యాలెండరులో గుర్తుపెట్టి ఆవిడకి చూపిస్తే, ఆ రోజులకి గొడవ ఉండదు.

అబ్బాయి విషయంలో నాకు మీ అంత భయం లేదు. ఎవరి గూడు ఎంత దూరంలో ఉందన్నదాన్నిబట్టి రేసులో వేగం లెక్క కట్టాలి కదా, ఆ పని వాడికి అప్పజెప్పండి. విజయవాడ నుంచి మీ మేడకి గాలిమార్గాన సుమారు 380 కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి వదిలిన పక్షి పన్నెండూ ఇరవైకి దిగితే నిమిషానికి 1,000 మీటర్లు. తాంబరంలో ఒకాయన పావురం ఇరవై నిమిషాలు ఆలస్యంగా, పన్నెండూ నలభైకి దిగింది. ఆయనకి దూరం 402 కిలోమీటర్లు అనుకుంటే నిమిషానికి 1,005. అంటే వెనక దిగిన పక్షే గెలిచింది. ఇది విడమరిచి చెప్పగలిగిన కుర్రాడికి తొమ్మిదో తరగతి లెక్కలు బరువు కావు. నేను భయపడేది పావురాల చుట్టూ తిరిగే డబ్బు పందేలకి. క్లబ్బు ఎంట్రీ ఫీజు, గెలిస్తే కప్పు, అక్కడితో సరి. పక్కన నిలబడి "నా పిట్ట మీద ఐదు వేలు" అనేవాళ్ళతో మీరు కలవకండి, వాణ్ణి కలవనివ్వకండి. దాన్ని చట్టం ఒప్పుకోదు. పల్నాటి కోడిపందెం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో మనవాళ్ళకి వేరే చెప్పాలా?

ఓనరు ఒప్పుకున్నాడని పక్కింటివాళ్ళని మరిచిపోకండి. వాళ్ళు మేడ మీద వడియాలు పెట్టిన రోజున, బట్టలు ఆరేసిన వేళ పావురాలు వదలకండి. ఎక్కువ ఫిర్యాదులు ఈ రెట్టల దగ్గరే పుడతాయి.

ఇక దగ్గు. "పావురాల వల్ల" అని ఆవిడ, "పని దుమ్ము" అని మీరు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. పావురాల రెట్ట, ఈకల నుంచి రాలే సన్నటి తెల్లపొడి ఏళ్ళ తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. గూడు శుభ్రం చేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత జ్వరం వచ్చినట్టు ఉండటం, చలి, పొడి దగ్గు, ఆయాసం దాని లక్షణాలు. మీరు ఆదివారం పొద్దున గూడు ఊడ్చి, రాత్రికి దగ్గుతుంటే ఈ రెండిటికీ సంబంధం ఉందేమో చూసుకోవాలి. కొందరికి అలా స్పష్టంగా తెలియదు. దగ్గు సాగుతుంటుంది, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం, చివరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం. గట్టిపడ్డ భాగం మళ్ళీ మామూలు కాదు. ఇక పని సంగతి. కన్సీల్డ్ వైరింగు కోసం గ్రైండరుతో గోడ కోసి గాడి తీస్తారు కదా, ఆ ఇటుక, సిమెంటు దుమ్ములో సిలికా ఉంటుంది. అది కూడా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఆరు రోజులు అదీ, ఏడో రోజు ఇదీ పీలుస్తున్నారు.

రెండు చోట్లా ఎన్-95 మాస్క్ పెట్టుకోండి, ముక్కుకి కట్టుకునే జేబురుమాలు చాలదు. గూడు పొడిగా ఊడ్చకండి. ముందు నీళ్ళు చిలకరించి, తడిగా గీకి తీయండి. మేడకి ఒక చొక్కా వేరే పెట్టుకొని, దాన్ని అక్కడే వదిలి కిందికి దిగండి. శుభ్రం చేసే పని అబ్బాయి చేత చేయించకండి. లెక్కలు వాడికి, చీపురు మీకు.

ఈ వారం పని ఒకపూట ఆపి స్టాన్లీ ఆస్పత్రికి వెళ్ళండి, మీకు దగ్గరే. ఛాతీ డాక్టరు ఎక్స్-రే, ఊపిరి పరీక్ష రాస్తారు. అవసరమైతే స్కాన్ కూడా చేయిస్తారు. "దగ్గు" అని ఒక్క ముక్క చెబితే సిరప్ రాసి పంపేస్తారు. పదేళ్ళుగా పావురాలు పెంచుతున్నానని, రోజూ గ్రైండరుతో గోడలు కోస్తానని, ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. దగ్గు ఏ రోజు ఎక్కువ, గూడు శుభ్రం చేసిన ఎన్ని గంటలకి వస్తోంది అన్నది ఇవాళ్టి నుంచే ఒక కాగితం మీద రాసుకొని తీసుకెళ్ళండి. ఇది పావురాల వల్ల వచ్చిందే అని ఆయన తేల్చి చెబితే మాత్రం మాస్క్ పెట్టుకుంటాను, సగానికి తగ్గిస్తాను అని బేరాలాడకండి. పక్షులన్నీ వేరే మేడకి పోవాల్సిందే. అప్పుడు ఏం చెయ్యాలని అడుగుతూ మళ్ళీ రాయండి, క్యారమ్ బోర్డు ఎక్కడ మంచిది దొరుకుతుందో కనుక్కొని ఉంచుతాను.